మేం ముగ్గురం తోలిన విమానం

మా తమ్ముడు యుద్ధవిమానం తోల్తాడు. మదనపల్లెలో, మా ఇంటి నడవలో, కిటికీ పక్కన కూర్చోని. కంప్యూటర్లో ఆట కదా అంటే వానికి కోపమొస్తాది. "ఆట కాదక్కా, సిమ్యులేటరు" అంటాడు. ఆటయితే ఒక బటన్ నొక్కితే విమానం లేస్తాదంట. వీని దాంట్లో అట్లా కుదరదు. ముందు బ్యాటరీ స్విచ్చి వెయ్యాల, తర్వాత ఇంధనం పంపు, తర్వాత ఇంజను, అది నిదానపడేదాకా కాసుకోని ఉండాల, తలమీద అద్దం మూత మూయాల, బ్రేకు వదలాల. ఒకటి మరిస్తే ఆడనే కూర్చోవాల్సిందే. ఇంత అగచాట్లు యాలరా, పుంగనూరు బస్సు ఇంతకంటే బిరీన బయల్దేరుతాది అని నేను ఎగతాళి చేసేదాన్ని. నేను రోజూ ఆ బస్సులోనే పోతాను. పుంగనూరులో పాలకేంద్రంలో పాలు పరీక్ష చేసే పని నాది.

వాని బల్లనిండా సామానే. కుడిచేతికి ఒక కర్ర, నిజం విమానంలో ఉండేదాని మాదిరే. దాని తలకాయమీద బటన్లు, చూపుడువేలి కింద ట్రిగ్గరు. దాన్ని యాడికి వంచితే విమానం ఆ పక్కకు వంగుతాది, మీదికి లాక్కుంటే లేస్తాది. ఎడమచేతికి వేగం పెంచి తగ్గించే పిడి, థ్రాటిల్ అంటారు. కింద కాళ్ళకు రెండు పెడళ్ళు, విమానం ముక్కును పక్కకు తిప్పేదానికి. ఇంట్లోనే కూర్చోని ఫోన్లో ఒక కంపెనీకి మాట్లాడే ఉద్యోగం వానిది. ఆ జీతంతో ఒక్కొక్కటే తెప్పించుకున్నాడు. పండగొస్తే చొక్కా కొనుక్కోరా అంటే స్విచ్చిల పెట్టె కొనుక్కునే రకం.

జబ్బు సంగతి చెప్పాల. కుప్పంలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టలు మెట్లమీద పడినాడు. మళ్ళీ పడినాడు. అమ్మ చెప్పుల్ని తిట్టి కొత్త చెప్పులు కొనిచ్చింది. కొత్త చెప్పుల్తో కూడా పడినాడు. అప్పుడు వేలూరుకు తీసకపోయినాం. ఆడ కండల్లోకి సూదులు గుచ్చి చూసి, మమ్మల్ని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పినారు. కండరాలు కొంచెం కొంచెంగా అరిగిపోయే జబ్బు, ముందు కాళ్ళు, తర్వాత చేతులు. దీనికి మందు లేదమ్మా అన్నారు. అమ్మ మిషన్ ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరయిన మనిషి, ఎంతమంది రోగుల్ని ఎత్తి పండబెట్టిందో లెక్కలేదు. వచ్చేటప్పుడు బస్సులో ఆమె వాని మోకాళ్ళు ఒత్తతానే కూర్చున్నాది. నేను మాత్రం సీటు కాడ ఎవరితోనో జగడం పెట్టుకున్నా. నాకు ఏడుపొచ్చే కాడ జగడమొస్తాది, ఏం చేసేది.

ముందు కాళ్ళు పోయినాయి. చక్రాల కుర్చీ వచ్చింది. పెడళ్ళు తీసి పక్కన పెట్టేస్తానని వాడంటే, అమ్మ ఊరుకోలేదు. చిన్న పీట తెచ్చుకోని బల్ల కిందికి దూరింది. "నేను తొక్కుతానప్పా, నువ్వు చెప్పు" అనింది. తొక్కేదేముంది, రెండు చేతుల్తో ఒత్తేది. కాకపోతే ఆమెకు కుడి ఎడమ అంటే తికమక. చౌడేపల్లె పక్కన పల్లెలో ఎద్దుల వెనకాల పెరిగిన మనిషి. నాగలికి కట్టినప్పుడు ఎడమపక్క ఎద్దు దాపల, కుడిపక్కది వలపల. ఆ మాట చెప్తే ఆమె చెయ్యి తప్పు పోదు. అందుకని మా తమ్ముడు కూడా అదే భాష నేర్చుకున్నాడు. "దాపల రొంత ఒత్తమ్మా. చాలు. ఇప్పుడు వలపల." వానితోపాటు ఆడే సావాసగాళ్ళు యాడాడి ఊర్లోనో ఉండి, చెవిలో మైకు పెట్టుకోని వింటా ఉంటారు. దాపల అంటే ఏదో మిలిటరీ మాట అనుకున్నారంట వాళ్ళు. కొన్నాళ్ళకు వాళ్ళు కూడా ఒకరికొకరు దాపల, వలపల అని చెప్పుకునేది మొదలుపెట్టినారు.

ఇంకో సంగతి. మాది చర్చికి పోయే ఇల్లు. చిత్తూరు దాకా పోవాలన్నా ప్రార్థన చేసుకోకుండా గడప దాటం. అమ్మ దృష్టిలో విమానం కూడా ప్రయాణమే. ఇంజను మోగుతాంటే వాడు బ్రేకుమీద నిలబెట్టి కాసుకోని ఉండాల, ఆమె బల్ల కింద కండ్లు మూసుకోని ప్రార్థన ముగించేదాకా. సావాసగాళ్ళు రన్‌వేమీద వరసగా నిలబడి, "అమ్మ ప్రేయర్ అయిందా బ్రో" అని అడిగేవాళ్ళు. బాంబులు వేసేటప్పుడు మాత్రం ఆమెతో కష్టం. "కింద ఎవరుండారప్పా?" అంటుంది. "ఎవరూ లేరమ్మా, ఉత్త బొమ్మలు." "బొమ్మలైతే యాల వేసేది మరి?" వాడు "దాపల ఒత్తమ్మా" అని మాట మార్చేస్తాడు. ఒకసారి గట్టిగా మలుపు తిప్పితే తెరంతా నల్లగయిపోయింది. అంత వేగంలో తిప్పితే నిజం పైలట్లకు కూడా కండ్లు చీకట్లు కమ్ముతాయంట, దాన్ని కూడా పెట్టినారు ఆ సిమ్యులేటరు చేసిన మారాజులు. అమ్మ కరెంటు పోయిందనుకోని, బల్ల కిందనించి లేచిపోయి ఇన్వర్టరు చూసొచ్చింది. ఆ లోపల విమానం కొండకు తగిలింది. ఆ పొద్దు మేం ముగ్గురం కడుపు పట్టుకోని నవ్వినాం.

తర్వాత ఎడమచెయ్యి. థ్రాటిల్ నాకొచ్చింది. సాయంత్రం బస్సు దిగి కాళ్ళు కడుక్కోని, వాని ఎడమపక్కన కుర్చీ వేసుకోని కూర్చునేదాన్ని. "పెంచక్కా. అంత కాదు. నిద్రపోతాండావా?" అని తిట్టేవాడు. ఇంట్లో అందరికంటే చిన్నోడు, అయినా విమానంలో వానిదే అధికారం. మాకు అది బాగుండేది. ఒక మనిషి కూర్చునే విమానంలో ముగ్గురం ఇరుక్కోని పోతాంటిమి.

"ఎన్ని తీసుకున్నా కర్ర మాత్రం నాదే" అనేవాడు. "కర్ర నేను పట్టుకుంటేనే నేను తోలినట్టు. అది పట్టలేని దినం ఈ సామానంతా మూటగట్టి అటకమీద పెట్టేయండి. నా ముందర ఉండకూడదు." నవ్వతానే చెప్పినాడు గానీ వాడు చెప్పినాడంటే చెప్పినట్టే. అప్పటినించి నా కండ్లు తెరమీద నిలిచేవి కావు, వాని కుడిచేతి మీదనే. పిడికిలి బిగువుగా ఉండాదా, మణికట్టు వంగుతాండాదా, ఇదే చూసేది. చూసి ఏం చేస్తాను, ఏమీ చెయ్యలేను. అయినా చూస్తాంటిని.

పోయిన ఎండాకాలం నించి విమానం సరిగ్గా తిరిగేది మానుకున్నాది. శత్రువు వెనకాల పడితే మావాడు తప్పించుకోలేకపోతాండాడు. కర్రను ఓరకు వంచుతాడు, సగంలో చెయ్యి వణుకుతాది, కర్ర వాని చేతిని తోసుకోని మళ్ళీ నడిమికి వచ్చేస్తాది. కర్ర అడుగున ఒక లావు స్ప్రింగు ఉంటాదంట, వదిలేస్తే నడిమికి రావాలని. "అక్కా, అది నన్ను గెలస్తాండాది" అన్నాడు ఒక పొద్దు. మామూలుగా అన్నాడు, ఎండ ఎక్కువుండాది అన్నట్టు. నేను లోపలికిపోయి పాత్రలు తోమినా, తోమేదానికి ఏమీ లేకపోయినా.

స్ప్రింగు మార్చచ్చు అని వాడే చెప్పినాడు. కర్రను విప్పి, తువ్వాలులో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకోని పుంగనూరు తీసకపోయినా. మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే అంగడాయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇదేందమ్మా, ట్రాక్టరు గేరు రాడ్డా?" అని అడిగినాడు. యుద్ధవిమానందప్పా అన్నా. నన్ను ఒక మాదిరిగా చూసినాడు గానీ, డబ్బాలన్నీ వెతికి మెత్తటి స్ప్రింగొకటి బిగించి ఇచ్చినాడు. చిటికెన వేలితో తోస్తే కర్ర వంగింది.

ఆ సాయంత్రం మా తమ్ముడు విమానాన్ని ఎట్లా తిప్పినాడంటే, తెర మళ్ళీ నల్లగయింది. చీకట్లో నించి బయటికొచ్చి, వెనకాల పడినోని వెనక్కే చేరుకున్నాడు. చెవిలో సావాసగాళ్ళంతా గోల. వాని మొగం చూసి శానా దినాలయింది అట్లా. అమ్మ బల్ల కిందనించి తల బయటికి పెట్టి వాని చేతినే చూస్తాండాది. "చెయ్యి తిరిగిందప్పా" అనింది. "నీ చెయ్యి తిరిగింది." స్ప్రింగు సంగతి ఆమెకు తెలీదు, నేను కర్ర తీసకపోయిన పొద్దు ఆమె చర్చి ఆడవాళ్ళ మీటింగుకు పోయుండె. నేను నోరు తెరిచినా. వాడు నా పక్క చూసి తల అడ్డంగా ఆడించినాడు. అమ్మను ఒక రాత్రన్నా నిద్రపోనీ అక్కా అన్నాడు తర్వాత.

ఒక రాత్రి అనుకుంటే ఆదివారం వచ్చేసింది. మా చర్చిలో పాటయినాక సాక్ష్యాలు చెప్తారు, దేవుడు తమకు చేసిన మేలు నిలబడి అందరికీ చెప్పడం. అమ్మ ఎప్పుడూ నిలబడే మనిషి కాదు. ఆ పొద్దు నిలబడింది. "వేలూరులో మందు లేదన్నారు. నా బిడ్డ చేతికి బలమొచ్చింది. నేను నా కండ్లతో చూసినా" అని ఏడ్చింది. చర్చి అంతా ఏడ్చింది. మేమిద్దరం తల వంచుకోని కూర్చున్నాం, పాస్టరయ్య వచ్చి వాని తలమీద చెయ్యి పెట్టినాడు. ఇంటికొచ్చినాక నువ్వు చెప్పంటే నువ్వు చెప్పని ఇద్దరం కొట్లాడుకున్నాం. అమ్మ వంటింట్లో పాట పాడతాంది. వేలూరు పోయొచ్చినప్పటినించి ఆమె పాడింది లేదు. ఆ పాట ఆపే ధైర్యం నాకు లేకపోయె. జగడాలమారిని, ఊరంతా నోరేసుకోని పడతాను, ఇంట్లో ఒక్క మాట బయటికి రాలేదు.

మాట యాడాడికో పోయింది. కుప్పంలో పెద్ద ప్రార్థన కూటాలు జరుగుతాండాయి, తల్లీకొడుకులు వచ్చి సాక్ష్యం చెప్పాలని కబురొచ్చింది. నేను పని ఉందన్నా, ఎండన్నా, కుర్చీ కారులో పట్టదన్నా. అమ్మ అన్నిటికీ దారి చూసి పెట్టింది. బాడుగ కారు మాట్లాడింది. వానికి తెల్లచొక్కా ఇస్త్రీ చేసింది. వాడు చదువుకున్న ఊరికి వాడు కుర్చీలో పోతాండాడు. కారు కాలేజీ దారి దాటేటప్పుడు వాడు ఆ పక్కకు చూడలేదు.

షామియానా కింద శానా జనం. మమ్మల్ని ముందర వరసలో పెట్టినారు. అమ్మ మైకు ముందర నిలబడి అదే మాట చెప్పింది, ఈసారి ఏడవకుండా, గట్టిగా. వేరే ఊరినించి వచ్చిన బోధకుడు మంచోడే, మా తమ్ముని పక్క తిరిగి ప్రేమగా పిలిచినాడు. "నాయనా, ఆ చెయ్యెత్తి దేవునికి స్తోత్రం చెప్పప్పా. అందరం చూస్తాము." మాలో అది మామూలే, స్తోత్రమంటే చేతులెత్తేది. షామియానా నిండా చేతులు లేచినాయి. కర్ర తిప్పేదానికి మణికట్టు చాలు. చెయ్యి ఎత్తాలంటే భుజం కావాల. వాని భుజం యానాడో పోయింది.

వాడు ప్రయత్నం చేసినాడు. నేను పక్కనే ఉండి చూసినా. కుర్చీ చేతిమీద వాని వేళ్ళు లేచినాయి, మణికట్టు రొంత లేచింది, అంతే. మెడ నరాలు తేలినాయి. నేను లేచి ఏం చెయ్యాలో తెలీక, వాని చొక్కా కాలరు సర్దినా. నాకు ఆ బోధకుని మీద కోపం లేదు, అమ్మ మీద లేదు, ఎవరి మీద చూపించుకోవాల్నో తెలీలేదు.

అమ్మ వేదిక దిగి వచ్చింది. ఒక చెయ్యి వాని మోచేతి కింద, ఒక చెయ్యి మణికట్టు కాడ పెట్టి, ఆస్పత్రిలో రోగుల్ని ఎత్తినట్టే మెల్లగా ఎత్తింది. తలదాకా ఎత్తి పట్టుకున్నాది. పాట మొదలయింది. పొడుగు పాట. అది అయిపోయేదాకా ఆమె దించలేదు. వెనకాల జనం చప్పట్లు కొడతాండారు. ఎత్తిన చెయ్యి ఎంత బరువుండాదో ఆమె ఒక్కదానికే తెలుసు. ఆమె మొగంలోకి నేను చూడలేకపోయినా.

తిరిగొచ్చేటప్పుడు కారులో అమ్మ వాని పక్కనే కూర్చున్నాది. పలమనేరు దాటినాక అమ్మ వాని చెయ్యి ఒళ్ళోకి తీసుకోని, వేళ్ళు ఒక్కొక్కటే నొక్కుతా అడిగింది. "ఆ కర్రలో ఏం చేసినార్రా మీరు?"

"స్ప్రింగు మార్చినామమ్మా" అన్నాడు వాడు. "మెత్తది వేయించినాము."

తిడుతుందని కాసుకున్నా. తిట్టినా బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేసి ఏడ్చేదాన్ని. ఆమె వేళ్ళు నొక్కేది ఆపలేదు. నా పక్క తిరిగి, "ఇంకా మెత్తది దొరకదా పాపా?" అనింది.

"దానికంటే మెత్తదైతే కర్ర నిలబడదమ్మా" అన్నాను.