నేను అమ్మిన దాకలు

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సందులో ఇరవై రెండేళ్లు గిన్నెల కొట్టు నడిపాను. స్టీలు, ఇత్తడి, సిల్వర్, అన్నీ ఉండేవి. సిల్వర్ అంటే అల్యూమినియమే, మా వైపు ఎవరూ ఆ పేరుతో అడగరు. అన్నిట్లోకీ బాగా పోయేవి పోత దాకలు. సిల్వర్ కరిగించి అచ్చులో పోసి చేసే మందపాటి వెడల్పు గిన్నెలు. వంగవు, తొందరగా అడుగంటవు, పొయ్యి మీంచి దించాక కూడా పులుసు కుతకుతమంటూనే ఉంటుంది. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు నుంచి పెళ్లి సామాన్లకి వచ్చిన వాళ్లు ఒక దాకైనా కొనకుండా వెళ్లేవాళ్లు కాదు. "మీ దాకలో చేపల పులుసు రెండో రోజుకి ఇంకా బాగుంటుందండీ" అని ఎవరైనా అంటే, ఆ పులుసు నేనే పెట్టినంత గర్వంగా ఉండేది.

మా చెల్లెల్ని పామర్రులోనే ఇచ్చాం. వాళ్లు కొత్తిల్లు కట్టుకుని గృహప్రవేశం చేసినప్పుడు, కొట్లో ఉన్నవాటిలో బరువైన దాక ఎంచి నేనే తీసుకెళ్లి ఇచ్చాను. మేనకోడలు అప్పటికి చంకలో పిల్ల.

మూడేళ్లు వచ్చేసరికి ఆ పిల్ల నోరు ఆగేది కాదు. నేను వెళితే మోటారు సైకిల్ ఆపక ముందే వీధిలోకి పరుగెత్తుకొచ్చి, "మావయ్యా, మీ కొట్లో నా అంత గిన్నె ఉందా? నేను అందులో కూచుంటే మూత పడుతుందా?" అని అడిగేది. ఆ తర్వాతి ఏడాది నుంచి మాటలు తగ్గడం మొదలైంది. ముందు ఎవరూ పట్టించుకోలేదు. బడికి వెళ్లే వయసు కదా, బుద్ధిమంతురాలైంది అనుకున్నాం. తర్వాత కడుపు నొప్పి అని ముడుచుకుని పడుకునేది. గోడ గీరి సున్నం తినేది. చిన్నదానికి కూడా కోపం వచ్చి తల నేలకేసి కొట్టుకునేది. నులిపురుగులకి మందు వేశారు, రక్తం తక్కువుందని టానిక్ పట్టారు, దిష్టి తీశారు. ఏదీ పనిచేయలేదు.

చివరికి బెజవాడలో ఒక పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ పిల్ల చిగుళ్లు చూసి, రక్తం తీసి వేరే ఊరు పంపించింది. రిపోర్టు వచ్చిన రోజు చెల్లెలితో పాటు నేనూ వెళ్లాను.

"పాప ఒంట్లో సీసం చాలా ఉందండీ. పెద్దవాళ్లలో అంతగా బయటపడదు, చిన్నపిల్లల మెదడుని ముందు పట్టుకుంటుంది. ఇంట్లోంచే ఎక్కడినుంచో వెళుతోంది. ఇంటికేసిన రంగు, కాటుక, పసుపు, బొమ్మలు, వంట గిన్నెలు, అన్నీ పరీక్ష చేయించండి" అంది.

"మందులతో తగ్గిపోతుంది కదండీ?" అని చెల్లెలు అడిగింది.

"రక్తంలోంచి కొంత తీయగలం అమ్మా. మెదడుకి ఇప్పటికే జరిగిన దాన్ని వెనక్కి తేలేం."

నాకు తెలిసిన ఒకాయన కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. ఇంట్లో ఉన్నవన్నీ సంచుల్లో వేసుకుని ఆయన దగ్గరికి పట్టుకెళ్లాను. ప్రతి గిన్నెలోనూ చింతపండు నీళ్లు మరగబెట్టి, పసుపు, కాటుకలతో పాటు ఆ నీళ్లూ ల్యాబులో పరీక్ష చేయించాడు. వారం తర్వాత ఫోను చేశాడు. "మిగతావి పర్వాలేదండీ. ఆ సిల్వర్ దాక ఎక్కడ కొన్నారో గానీ, అందులోంచే దిగుతోంది. పులుపు తగిలితే మరీ ఎక్కువ." అది నా కొట్లోదేనని ఆయనకి చెప్పలేకపోయాను.

పామర్రు వెళ్లి చెల్లెలికి చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. వంటింటి గడప మీద కూర్చుండిపోయింది. "రోజూ నేనే కదన్నయ్యా పెట్టింది. దానికి పప్పుచారు ఇష్టమని ముద్దలు కలిపి నేనే పెట్టాను. వద్దని మొహం తిప్పుకున్నా బతిమాలి పెట్టాను" అంది.

మర్నాడు ఇబ్రహీంపట్నం దాటాక ఉన్న పోత షెడ్డుకి వెళ్లాను. నెలకోసారైనా వెళ్లి సరుకు తెచ్చుకునే చోటే. అన్నేళ్లలో షెడ్డు వెనక్కి నేనెప్పుడూ వెళ్లలేదు. ఆ రోజు వెళ్లాను. కరిగించడానికి పోసిన గుట్టలో పాత మోటారు ముక్కలు, లారీ రేడియేటర్లు, సీసం టంకం అంటుకున్న టీవీ లోపలి పలకలు, రంగు డబ్బాలు, అన్నీ కలిసిపోయి ఉన్నాయి.

"ఇవన్నీ గిన్నెల్లోకే పోతాయా?" అన్నాను.

"మరి దేంట్లోకి పోతాయండీ?" అన్నాడు షెడ్డు ఆయన ఆశ్చర్యంగా. "కరిగాక అన్నీ ఒకటే. అందరూ ఇదే పోస్తారు."

మేనకోడలి సంగతి చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. అబద్ధమాడుతున్నానని కూడా అనలేదు. షెడ్డు పక్కన రేకుల గదిలోకి తీసుకెళ్లి పొయ్యి చూపించాడు. దాని మీద మా కొట్లో అమ్మేలాంటి దాకే ఉంది, టమాటా కూర ఉడుకుతోంది. "మేమూ ఇందులోనే తింటామండీ. తెలిసి ఎవరన్నా చేస్తారా?" అన్నాడు. ఆయన మీద అరవాలని వెళ్లినవాణ్ణి, ఆ గదిలోంచి తల దించుకుని వచ్చేశాను.

తర్వాత సరుకుల నాణ్యత చూసే ప్రభుత్వ ఆఫీసుకి వెళ్లి ఫిర్యాదు ఇచ్చాను. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడాడు. "ఆర్డరు ఉందండీ. సర్కారు నాణ్యత మార్కు లేని వంటపాత్రలు తయారు చెయ్యకూడదు, అమ్మకూడదు. క్లియర్‌గా ఉంది. కానీ జిల్లా అంతటికీ తిరగాల్సింది నేనొక్కణ్ణే." కలం తీస్తూ, "మీరూ అమ్మారు కదండీ. రాస్తే మీ పేరు కూడా రాయాలి" అన్నాడు.

"రాయండి" అన్నాను.

ఆఫీసు నుంచి వచ్చి షెడ్డుకి సీలు వేశారు. నా కొట్లో మిగిలిన దాకల్ని ఒక మూలకి చేర్చి వాటికీ వేశారు. అది చూస్తుంటే మనసు కొంచెం తేలికపడింది. ఆ తేలిక ఎక్కువ రోజులు నిలవలేదు. రెండు నెలలు తిరక్కుండా షెడ్డు వేరే పేరుతో తెరిచారు. గుట్ట అదే, అచ్చులు అవే. ఇప్పుడు ప్రతి దాక అడుగునా మార్కు ముద్ర కొడుతున్నారు. ఆ ముద్ర కొట్టే అచ్చు కూడా బజార్లో దొరుకుతుందట.

నేను అమ్మినవైనా వెనక్కి తెచ్చుకుందామని, ట్రాలీ ఆటోలో స్టీలు గిన్నెలు వేసుకుని ఊళ్లు తిరిగాను. దాక ఇస్తే స్టీలుది ఇస్తానన్నాను. కొందరిచ్చారు. చాలామంది నన్ను అనుమానంగా చూశారు. పాతవి మంచి సరుకని పట్టుకెళ్లి నాసిరకం అంటగడుతున్నానని ఒక ఊళ్లో అనుకున్నారు. ఉయ్యూరు దగ్గర ఒక పెద్దావిడ మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని అన్నం తినిపిస్తోంది. అంతా విని, "పదిహేనేళ్లుగా ఇందులోనే వండుతున్నాను బాబూ, గుండ్రాయిలా ఉన్నాను. మీ చెల్లెలి పిల్లకి వేరే ఏదో అయ్యుంటుంది" అంది. నేను చెబుతూనే ఉన్నాను, ఆవిడ ముద్ద కలుపుతూనే ఉంది. ఆ పిల్లాడు నోరు తెరిచాడు.

కొట్టు మూసేశాను. పక్క కొట్లో దాకలు గుమ్మం దాకా పేర్చి ఉంటున్నాయి. ఆయనకి కూడా అంతా చెప్పాను. "నేను మానేస్తే ఇంకొకళ్లు అమ్ముతారండీ" అన్నాడు.

మేనకోడలికి ఇప్పుడు ఏడేళ్లు. ఆస్పత్రిలో పెట్టిన మందులకి కడుపు నొప్పి పోయింది, రక్తం పట్టింది. మాటలు మాత్రం తిరిగి రాలేదు. నాలుగైదు మాటలున్నాయి, వాటితోనే నెట్టుకొస్తుంది. బళ్లో తనకంటే చిన్నపిల్లల మధ్య కూర్చుంటుంది. నేను వెళితే వచ్చి పక్కన నిలబడి నా చొక్కా గుండీ పట్టుకుంటుంది. ఏదో అడగబోతున్నట్టు చూస్తుంది. అడగదు.

కొట్టు ఖాళీ చేసేటప్పుడు ఆ దాకలన్నీ ఏం చేయాలో తెలియలేదు. సీలు వేసినవీ, ఊళ్లు తిరిగి తెచ్చినవీ కలిపి ఒక గది నిండా అయ్యాయి. ఆఫీసులో అడిగితే మీరే డిస్పోజ్ చేసుకోండి అన్నారు. మున్సిపాలిటీ వాళ్లు పాత ఇనుము కొట్టుకి వేసేయమన్నారు. పాత ఇనుము కొట్టతను నిజాయితీపరుడు. "నాకిస్తే మళ్లీ పోతకే కదా సార్ వెళ్లేది" అన్నాడు. పొలంలో పాతిపెడదామంటే అడుగున నీళ్లున్న నేల. కాలవలో వేస్తే ఆ నీళ్లే కింద ఊళ్లు తాగాలి.

లారీలో ఎక్కించుకుని మా పల్లెకి తెచ్చి, ఖాళీగా ఉన్న పశువుల కొట్టంలో పేర్చి తాళం వేశాను. మొన్న బావ, అదే చెల్లెలి భర్త, కొట్టం ముందు నిలబడి అడిగాడు, "ఇంకెన్నాళ్లు దాస్తావు బావా వీటిని? నీ తర్వాత ఎవరో ఒకరు తాళం తీసి అమ్మేస్తారుగా?"

అమ్మేస్తారు. నాకూ తెలుసు.