గవరయ్య సరంగుకు కళ్లు తిరిగిన రోజు

ఫీనిక్స్ బే జెట్టీ నుంచి దీవులకు వెళ్లే బోటును నడిపే సరంగు గవరయ్య. వానాకాలపు అలలకు ప్రయాణికులంతా వాంతులతో వేలాడిపోతుంటే, ఆయన నిలబడే చేపల పులుసుతో అన్నం లాగించేవాడు. కళ్లు తిరగడమంటే ఏమిటో ఎరగడు.

అలాంటి మనిషి ఒకనాటి పొద్దున్న, జెట్టీకి దగ్గర్లోని హాడో పేటలో తన క్వార్టర్‌లో, మంచం మీద కుడిపక్కకు ఒత్తిగిలాడు. అంతే, గది గిర్రున తిరిగింది. ఫ్యాను గోడ మీదికొచ్చింది, గోడ నెత్తి మీదికొచ్చింది. ఆయన గోడలు పట్టుకుంటూ గుమ్మంలోకొచ్చి అరిచాడు.

“భూకంపం! ఓలమ్మో, భూకంపం! భాగో, భాగో!”

క్వార్టర్లన్నీ ఖాళీ అయ్యాయి. పక్కింటి బేబీరాణి ఉడుకుతున్న కుక్కరుతో సహా పరిగెత్తుకొచ్చింది. చూస్తే కొబ్బరాకు కూడా కదలడం లేదు. గవరయ్య ఒక్కడే కరెంటు స్తంభాన్ని వాటేసుకుని నిలబడ్డాడు.

“జమీన్ హిల్తా నహీ భయ్యా, నేలేం కదలట్లేదు, నువ్వే ఊగుతున్నావు!” అంది బేబీరాణి.

తలా ఒక రోగం పేరు పెట్టారు. బీపీ అన్నారు, గ్యాసన్నారు, దిష్టన్నారు. భార్య కనకలక్ష్మి ఎవరి మాటా వినకుండా ఆయన్ని ఆటో ఎక్కించి, చెవి ముక్కు గొంతు డాక్టరు స్వాతి దగ్గరకు తీసుకెళ్లింది.

“ఎప్పుడు తిరుగుతోంది అంకుల్?”

“పక్కకి ఒత్తిగిలితే. కాసేపు తిరిగి దానంతటదే ఆగిపోతంది.”

“మాట తడబడిందా? చెయ్యీ కాలూ లాగేసినట్టుందా? వినపడటం తగ్గిందా?”

“లేదమ్మా.”

డాక్టరు ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి, తల కుడికి తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టింది. గవరయ్య బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. కనుగుడ్లు అదిరిపోతున్నాయి.

“మునిగిపోతన్నాం డాక్టరమ్మా!”

“మునగం. నాకు కావలసింది దొరికింది. చెవి లోపల ఇసుక రేణువుల్లాంటివి ఉంటాయి అంకుల్. అవి చోటు తప్పి పక్క గొట్టంలోకి జారాయి. మళ్లీ చోటికి పంపిద్దాం. మాత్రలతో పనిలేదు.”

కళ్ల అదురు ఆగేదాకా ఉంచి, తలను మెల్లగా ఎడమకు తిప్పింది. తరవాత ఒంటిని కూడా అటే ఒరిగించింది. కాసేపాగి లేపి కూర్చోబెట్టింది. అయిపోయిందంది.

“అంతేనా?”

“అంతే. మళ్లీ రావచ్చు, వస్తే మళ్లీ చేద్దాం. కానీ తిరగడంతో పాటు మాట ముద్దవడం, మూతి వంకరపోవడం, చెయ్యో కాలో పడిపోవడం కనిపిస్తే మాత్రం క్షణం ఆగకుండా పెద్దాసుపత్రికి పరిగెత్తాలి. అది వేరే సంగతి.”

బయటకొచ్చాక గవరయ్య ఆటో వద్దన్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఏదీ తిరగలేదు. నడిరోడ్డు మీద మెడ వెనక్కి వంచి, నోరు తెరుచుకుని పైకి చూస్తూ పకపకా నవ్వాడు. కనకలక్ష్మికీ నవ్వాగలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అందరూ సూస్తన్నారయ్యా! పిచ్చోడనుకుంటారు!”

“అనుకోనీవే! ఆకాశం ఎక్కడిదక్కడే ఉంది సూడు!”