అమ్మ పళ్లెంలో సొరకాయ

ఈ విడత కీమో ఇవ్వనని డాక్టరమ్మ చెప్పగానే నాకు ఒళ్లు మండింది. రొమ్ము క్యాన్సర్‌తో ఉన్న మనిషిని నారాయణఖేడ్ నుంచి హైదరాబాద్ దాకా రప్పించి వెనక్కి పంపుతారా? ఆమె అమ్మ బరువు రాసిన కాగితం నా ముందుకు తోసింది. "ఇంత చిక్కిపోతే మందు తట్టుకోలేదు. బరువు పెరిగాకే తీసుకురండి. అసలు ఇంట్లో ఏం పెడుతున్నారు?"

"తింటున్న మేడం" అంది అమ్మ. అన్న బయట మందుల వరుసలో ఉన్నాడు.

నేను హైదరాబాద్‌లోనే ఉంటాను, క్యాన్సర్ మీద పరిశోధన చేసే ల్యాబ్‌లో పని చేస్తాను. అమ్మ ఏం తింటోందో నాకేం తెలుసు? కళ్లతో చూద్దామని వాళ్లతో పాటే బస్సెక్కి ఇంటికి వెళ్లాను.

రాత్రి భోజనానికి వదిన మా అందరికీ జొన్నరొట్టె, కందిపప్పు పెట్టింది. అమ్మ పళ్లెంలో మాత్రం ఉడకబెట్టిన సొరకాయ ముక్కలు.

"అమ్మకు రొట్టేది?"

"అమ్మకు రొట్టె బంద్. చక్కెర బంద్, పప్పు బంద్" అన్నాడు అన్న.

"ఎవడు జెప్పిండే నీకు గా మాట?" అని అరిచాను.

"నువ్వే జెప్పినవ్ చెల్లె."

ఫోన్ తీసి నా వాయిస్ మెసేజే వినిపించాడు. ల్యాబ్‌లో ఏం పని చేస్తావని పిన్ని అడిగితే, దారిలో నడుస్తూ నేను ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్ అది. "క్యాన్సర్ కణం పైన చక్కెర పోగులుంటయి. గెలెక్టిన్ అనే ప్రోటీన్ వాటిని పట్టుకుంటది. గా పట్టుతోనే కణం రక్తనాళానికి అతుక్కొని ఇంకోచోటికి పోతది." చివర్లో చిన్న నవ్వు కూడా ఉంది. ఆ నవ్వు వింటే నన్ను నేనే కొట్టుకోవాలనిపించింది.

"చక్కెర అంటివి, ప్రోటీన్ అంటివి. రొట్టె లోపలికి పోతే చక్కెరైతదంట. ప్రోటీనంటే పప్పే గద. అందుకే రెండూ బంద్ వెట్టిన."

ఆ రెండూ పోతే మనిషికి ఇక మిగిలేదేమిటి? సొరకాయ! అది కూడా లేతవి ఏరి, కల్హేర్ అంగడి నుంచి ప్రతి వారం తనే తెస్తున్నాడట.

గొంతు చించుకున్నాను. ఆ చక్కెర పోగులు కణం తనే అల్లుకునేవని, ఆ ప్రోటీన్ మన ఒంట్లోనే పుట్టేదని, చాయ్‌లో వేసే చక్కెరతో, ఉడికిన పప్పుతో దానికి పని లేదని, పస్తులుంటే క్యాన్సర్ ఆగదని, కీమో ఆగుతుందని చెప్పాను.

అన్న అంతా విన్నాడు. "మరి గా ముచ్చట గిండ్ల ఎందుకు చెప్పకపోతివి?" అని ఫోన్ నా వైపు తిప్పాడు.

విసురుగా లేచి చాయ్ పెట్టాను. రెండు చెంచాల చక్కెర వేసి, రొట్టె తుంచి అందులో నానబెట్టి అమ్మ చేతికిచ్చాను. ఆమె గిన్నె రెండు చేతులతో పట్టుకుని, ఊపిరి తీసుకోకుండా తాగేసింది.

"ఆకలైతే అడగొద్దా అమ్మా?" ఆమె మీద కూడా కోపమే వచ్చింది నాకు.

అమ్మ గిన్నె అడుగున మిగిలిన రొట్టె తునకలను వేలితో తీసుకుంటూ అంది: "నువ్వు చదివినదానివి గద బిడ్డా. నువ్వే జెప్పినవంటే, గట్లనే ఉండాల్నేమో అని ఊకున్న."