అమ్మ గొంతును నా గొంతనుకున్న పెద్దమ్మ

నిన్న పొద్దున షాపు షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ వచ్చింది. కె.వి.కుప్పంలో కమలమ్మ పెద్దమ్మ పోయిందని.

"ఏ కమలమ్మ?" అని అడిగాను.

నాకున్నది ఒక్క పెద్దమ్మే. మా అమ్మకు సొంత అక్క. అయినా అలా అడిగాను. బుర్ర పనిచేయలేదు.

మొన్న ఆదివారం కూడా ఫోన్ చేసి నన్ను శుభ్రంగా తిట్టింది. నిద్రలోనే పోయిందట.

ఏడుపు తర్వాత. ముందు ఒక థాంక్స్ చెప్పాలి.

కొన్నేళ్ళ క్రితం మా అమ్మ మెల్లగా మారిపోయింది. ఎప్పుడూ నిద్ర. ముఖం ఉబ్బింది. మాట నిదానించింది. మా ఊరు గుడియాత్తం ఎండలకు మేమంతా ఫ్యాన్ కింద ఉడికిపోతుంటే, ఆమె స్వెటర్ వేసుకుని కూర్చునేది. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయేది.

వయసు అనుకున్నాం. మా అన్నయితే ఇక గ్యాస్ ముట్టుకోవద్దన్నాడు. అమ్మ ఎదురు చెప్పలేదు.

మా అమ్మ ఎదురు చెప్పకపోవడమే అసలు జబ్బు లక్షణమని ఎవరికీ తట్టలేదు!

ఒకరోజు పెద్దమ్మ ఫోన్ చేసింది. అమ్మే ఎత్తి "హలో" అంది. ఫోన్ స్పీకర్‌లో ఉంది.

"ఏం నాయనా, జలుబా? అమ్మకి ఇయ్యి ఫోను."

"నేనే అక్కా."

పక్కనే ఉన్న నేను పడీ పడీ నవ్వాను. అమ్మ కూడా కొంచెం నవ్వింది.

పెద్దమ్మ నవ్వలేదు. ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నానికి బస్సు దిగి మా ఇంట్లో ఉంది. అమ్మ గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత మా మీద పడింది.

"వయసంట వయసు! దీనికన్నా పెద్దదాన్ని నేనుండాను గదా. నాకు రాని వయసు దీనికెట్ల వచ్చినాది?"



మర్నాడే అమ్మను వేలూరు ఆస్పత్రికి లాక్కెళ్ళింది. Blood test చేశారు. థైరాయిడ్ బాగా తగ్గిపోయిందన్నారు. పెద్ద వయసు ఆడవాళ్ళలో ఇది మామూలేనట. చాలా ఇళ్ళలో మాలాగే వయసని వదిలేస్తారట.

పెద్దమ్మ వెంటనే కారణం కనిపెట్టేసింది. ఉప్పు! మా ఇంట్లో ఎప్పుడూ అయోడిన్ కలపని కల్లుప్పే వాడతాం మరి. ఇక డాక్టరమ్మతో అరవంలో బేరం మొదలుపెట్టింది. అయోడిన్ ఉప్పు కాస్త ఎక్కువ వేస్తే మాత్ర తగ్గిస్తారా అని.

డాక్టరమ్మ నవ్వుతూనే గట్టిగా చెప్పింది. అయోడిన్ ఉప్పు మంచిదే, కానీ మామూలుగా వేసుకునేంత చాలు. ఉప్పు పెరిగితే బీపీ పెరుగుతుంది. అయోడిన్ మరీ ఎక్కువైనా థైరాయిడ్‌కు ఇబ్బందే. ఈమెకు కావలసింది మాత్ర, రోజూ, పరగడుపున.

బేరంలో పెద్దమ్మ ఓడిపోవడం నేను చూసింది అప్పుడొక్కసారే.

అయినా ఊరుకుంటుందా? అప్పటినుంచి రోజూ పొద్దున్నే ఫోన్.

"మాత్ర ఏసుకుంటివా? ముందే కాఫీ తాగేయలేదు గదా?"

అమ్మ విసుక్కునేది. ఆ విసుగు వింటుంటే మాకెంత సంతోషంగా ఉండేదో. కొన్ని నెలల్లో స్వెటర్ బీరువాలోకి పోయింది, పాత గొంతు తిరిగొచ్చింది. వంటింట్లోంచి మా అన్నను తరిమేసింది.

నిన్న పెద్దమ్మకు ఆఖరి స్నానం చేయించాలి. ఆమెకు కూతుళ్ళు లేరు. కోడళ్ళు ఏడుస్తూ నిలబడిపోయారు.

మా అమ్మ కొంగు బిగించింది. నీళ్ళు తెప్పించింది. అక్కకు స్నానం చేయించి, తల ఒడిలో పెట్టుకుని జుట్టు దువ్వింది. ఎవరో పెద్దావిడ, నీకెందుకమ్మా ఈ వయసులో, లే అంది.

"మా అక్కకి నేనుండాను" అంది అమ్మ.

పెద్దమ్మా, ఆరోజు నువ్వు బస్సెక్కకపోయుంటే, నిన్న ఆ మాట అనడానికి మా అమ్మ ఉండేది కాదు.

పోయి రా పెద్దమ్మా. ఇక మా గురించి దిగులు పెట్టుకోకుండా హాయిగా నిద్రపో.