పదహారో దారం

మా అమ్మాయికి జీవశాస్త్రం చెప్పిన టీచరమ్మ కోస్తా వైపు మనిషి. ఏ పనికైనా ముందు అరచెయ్యి పైకెత్తి, అందరినీ ఒకసారి చూసి, తర్వాతే దించేది. పిల్లలను ఎక్కించుకున్న ఆటో కూడా ఆ చెయ్యి దిగందే కదిలేది కాదు. నేను పనిచేసే బొగ్గు గనిలో చివరి మనిషి కూర్చునేదాకా, మమ్మల్ని కిందికి దింపే మ్యాన్ రైడింగ్ బండికి గంట కొట్టరు కనుక, ఆ పద్ధతి నాకు నచ్చింది.

మంచిర్యాల సైన్స్ ప్రదర్శనకు మా అమ్మాయితో కణ విభజన నమూనా చేయించింది. పండ్ల మీద వాలే చిన్న ఈగకు క్రోమోజోములు ఎనిమిదట. విభజనకు ముందు ఒక్కోటి రెండవుతుంది కనుక ఎనిమిది జతల గాజులు. ప్రతి జతకు రెండు వైపులా దారం, మొత్తం పదహారు. లాగితే గాజులు సగం ఇటు, సగం అటు విడిపోవాలి. న్యాయనిర్ణేత వచ్చి నిలబడ్డాక చూస్తే ఒక దారం ఊడి ఉంది.

"ఒక్కటే గద మేడం, లాగేస్త," అంది మా అమ్మాయి.

టీచరమ్మ చెయ్యెత్తింది. "ఆగమ్మా. ఇప్పుడు లాగితే ఒక కణానికి తొమ్మిది, ఇంకోదానికి ఏడు పోతాయి."

తొందరలో ముడి పడలేదు. న్యాయనిర్ణేత గడియారం చూసుకుని పక్క బల్ల వైపు కదిలాడు.

"సార్, పోకుండ్రి!" అని అరిచింది అమ్మాయి. "ఒక్క క్రోమోజోముకు దారం అందకున్నా, దాని మీదున్న ప్రోటీన్లు ఆగుండ్రి అని కబురు పంపుతనే ఉంటయి. కణం గూడ మా లెక్కనే ఆగుతది."

ముడి పడింది. చెయ్యి దిగింది. ఎనిమిది ఇటు, ఎనిమిది అటు.

బహుమతి పక్క బల్లకే వెళ్లింది. బస్సులో నేను ఓదార్చబోతే మా అమ్మాయి నవ్వింది.

"బాపు, గా సారు పోయేటోడు మల్ల వెనకకు వచ్చిండు, చూసినవా? మేడం గూడ చూసింది."