ఓడ పాఠం చెప్పిన ఓబుళమ్మ టీచర్

గురువారం ఉదయం ప్రార్థన ముగించుకొని స్టాఫ్ రూములో అడుగుపెట్టానో లేదో, పెనుకొండ నుంచి ఫోను. "అమ్మ పాయెప్పా," అని ఓబుళమ్మ టీచర్ కూతురు సరళక్క ఒక్క మాట అని ఆగిపోయింది. మొన్న ఆదివారమే నాతో ఫోనులో గంటసేపు వాదించిన మనిషి! పెనుకొండ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధించి, తండ్రులకూ వారి పిల్లలకూ కూడా ప్రపంచపటాన్ని పరిచయం చేసిన ఆ విదుషీమణి, నా వంటి మందమతిని సైతం అదే వృత్తిలోకి లాక్కొచ్చిన ఆ తల్లి ఇక లేరన్న మాట ఇది రాస్తున్న ఈ క్షణానికీ నా మనసుకు ఎక్కడం లేదు.

ఆమెది ధర్మవరంలో చేనేత కుటుంబం. మగ్గాల చప్పుడు మధ్య పెరిగినందువల్లనేమో, ఆ గొంతు దేన్నయినా దాటి వినబడేది. ఆమె తొమ్మిదో తరగతికి పాఠం చెబుతుంటే పక్క గదిలో లెక్కల సారు తలుపు వేసుకునేవారు. కోపం ముక్కు మీదే ఉండేది గానీ, ఆ తిట్లు తిన్నవాళ్లెవరూ నొచ్చుకోలేదు. పటంలో పోర్చుగల్ చూపించమంటే నేను తడబడి కర్ర ఎక్కడో పెట్టాను. "అది మన పక్కనుండే మడకశిరప్పా. పోర్చుగల్ ఇంగొంచెం దూరముండాది," అన్నారు. ఆ ఏడాదంతా నా పేరు మడకశిరే.

ఐరోపావారి భౌగోళిక అన్వేషణల పాఠాన్ని ఆమె ఓడ పాఠం అనేవారు. బల్లలు జరిపించి సగం తరగతిని ఓడలో, సగం తరగతిని ఒడ్డున నిలబెట్టేవారు. సముద్రం ముఖం ఎరగని పిల్లలం. నన్ను ఓడ నాయకుణ్ణి చేశారు. నేను ఛాతీ విరుచుకొని నిలబడ్డాను.

"ఏమప్పా నాయకా, నెలల తరబడి ఉప్పునీళ్ల మీద వస్తాండావు. కాలికట్ రేవులో దిగుతానే ఏమడుగుతావు?"

"మిరియాలు టీచర్," అన్నాను, పుస్తకం చదివిన ధీమాతో.

"నోరు పిడచగట్టుకొని వచ్చినోనికి మిరియాలెందుకప్పా?"

తరగతంతా గొల్లుమంది. ఒడ్డు వైపు నుంచి ఒక అమ్మాయి తన నీళ్ల సీసా తెచ్చి నాకిచ్చింది. నేను తాగేదాకా ఆగి టీచర్ అన్నారు: "ఇప్పుడు పుస్తకం తీయి. నీ పేరుండాది, నీ రాజు పేరుండాది. నీకు నీళ్లిచ్చినోళ్ల పేరు యాడుండాదో చూసి చెప్పు."

అందరం పేజీలు తిరగేశాం. ఎక్కడా లేదు. "ఓడలోళ్ల ధైర్యాన్ని నేను తక్కువ చెయ్యను," అన్నారామె. "దారీతెన్నూ తెలీని నీళ్ల మీద వచ్చినారు, అది గొప్పే. అయితే ఒడ్డున ఉండేటోళ్లూ మనుషులే. వాళ్ల పేర్లు దొరికేదాకా ఎతకల్ల." మరుసటి రోజు పాఠంలో ఆ ఓడ ఫిరంగులతో తిరిగి వచ్చేది. ఆ రోజు మాత్రం ఆమె ఎవరినీ నవ్వించేవారు కాదు.

ఒకసారి నంబులపూలకుంట వైపు నుంచి ఒక రైతు వచ్చి తరగతి గుమ్మంలో నిలబడ్డాడు. కొడుకు పెనుకొండ హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. "ఏమమ్మా, శెనక్కాయలు మనవి కాదంట గదా. మా పిల్లోనికి అట్లెందుకు చెప్తాండావు?" అని నిలదీశాడు. "విత్తనం ఓడలో వచ్చిందన్నా. వానలేని ఈ నేలలో దాన్ని నిలబెట్టింది మీరు. మీ నాయన పేరు, మీ తాత పేరు చెప్పు," అన్నారామె. ఆయన చెప్పాడు. ఆ రెండు పేర్లనూ బోర్డు మీద పోర్చుగల్ రాజు పేరు పక్కనే రాసి, పరీక్షలో అడుగుతానని మమ్మల్ని బెదిరించారు. ఆ రైతు గంట కొట్టేదాకా చివరి బల్ల మీద కూర్చుని పాఠం వినిపోయాడు.

నేను హిందూపురంలో ఉద్యోగంలో చేరాక ఆ పాఠాన్ని ఆమె పద్ధతిలోనే చెబుతూ వచ్చాను. ఈ ఏడు ఆమెను రమ్మన్నాను. మోకాళ్ల నొప్పులతో బస్సెక్కి వచ్చి, ఒడ్డు వైపు పిల్లల మధ్య కూర్చున్నారు. ఓడ వచ్చింది, నీళ్లు తాగింది, అందరం నవ్వుకున్నాం. ఆమె వచ్చారు గదా అని ఫిరంగుల పాఠం కూడా అదే పూట చెప్పేశాను. అప్పుడు హర్షిత లేచింది. వాళ్ల నాయన పట్టుగూళ్ల మార్కెట్లో మూటలు మోస్తాడు. పిల్ల మాటలు తక్కువ.

"టీచర్, నీళ్లు తాగిపోయి మళ్లీ ఫిరంగులు తెస్తారు గదా. ముందే తెలిసుంటే నీళ్లు ఇయ్యల్లా, వద్దా?"

ఓబుళమ్మ టీచర్ నోట తెలీదన్న మాట నేను వినడం అదే మొదలు. "నాకు తెలీదు పాపా. ఆలోచించి చెప్తా," అన్నారు. ఆదివారం ఫోనులో మా వాదనంతా దాని గురించే. "వద్దనేదానికి నోరు రాదు. ఇయ్యమంటే, ఆనక ఫిరంగులకు చచ్చినోళ్లకు ఏం చెప్పల్ల? ఇంగా తెగలేదబ్బీ. ఆ పాపకు మాత్రం ఏదో ఒకటి చెప్పి మరిపియ్యొద్దు," అన్నారామె. హర్షిత నన్ను వరండాలో ఆపి, టీచర్ చెప్పిందా సార్ అని అడుగుతూనే ఉండేది.

గురువారం నేను పెనుకొండ చేరేసరికి ఆమెను వసారాలో పడుకోబెట్టారు. ఆ ముఖం చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. సరళక్క ధర్మవరం నుంచి వచ్చేలోపే అంతా అయిపోయిందట.

"వంటింట్లో కూలబడిందంట. పైన బాడుగకుండే హిందీ ఆయమ్మ చప్పుడు విని దిగొచ్చిందంట. అమ్మ నీళ్లడిగితే, ఒళ్లో పండబెట్టుకొని తాపిందంటప్పా."

"ఆమె పేరేందక్కా?"

"ఏమోప్పా. ఈ వారమే దిగినారు. మొగుడికి ఎర్రమంచి కాడ కార్ల ఫ్యాక్టరీలో పని."

మెట్లెక్కి తలుపు తట్టాను. తలుపు సందులోంచి చూసి ఆ ఇల్లాలు వెనక్కి తగ్గింది, విచారణకు ఎవరో వచ్చారనుకొని. "మైనే కుఛ్ నహీ కియా భయ్యా, సిర్ఫ్ పానీ దియా," అంది. నేనేమీ చేయలేదన్నా, నీళ్లిచ్చానంతే, అని. చేతులు జోడించి, వచ్చీరాని హిందీలో పేరు అడిగాను. ఎందుకంది. మా టీచర్ అడుగుతారన్నాను. ఏం అర్థమైందో, తలుపు పూర్తిగా తీసి చెప్పింది. ఫూల్‌మతి. బీహారు నుంచి వచ్చారట.

ఇంత విద్య, ఇంత వాత్సల్యం, ఇంత వెటకారం ఒకే మనిషిలో ఇక నాకు కనబడవు. ఆ గురుమూర్తికి ఈ శిష్యుడి సాష్టాంగ ప్రణామం.

సోమవారం తరగతిలో జరిగినదంతా చెప్పి, ఫూల్‌మతి పేరు బోర్డు మీద రాశాను. హర్షిత లేచింది. "అయితే ఇయ్యల్ల సార్," అంది. కూర్చోబోయి మళ్లీ ఆగింది. "టీచర్ ఒప్పుకుంటుందా సార్?"

అడుగుదామంటే ఆమె లేరు.