మా ఊళ్ళో పడిన అంగుళమున్నర వాన

ఒక్క మనిషి ఒక్క చెంబుతో ఊరి పశువులన్నిటి నోటికాడి గడ్డి లాగేయగలడా అని ఎవరైనా అడిగితే, దాదాపు లాగేయగలడని నేను సాక్ష్యం చెబుతాను. ఆ మనిషిని నేనే. ఊరి పేరు మాత్రం అడగకండి. పత్తికొండకు అవతల ఎక్కడో ఉందనుకోండి. పేరు రాస్తే ఆ ఊరివాళ్ళందరూ ఈ పుస్తకం కొంటారు, కాని చదవడానికి కాదు, చుట్ట చుట్టి నా నెత్తిన కొట్టడానికి.

మా ఊళ్ళో కాలాలు మూడు. ఎండాకాలం, ఎండలు ముదిరే కాలం, ఎండలు తగ్గుతాయేమోనని ఎదురుచూసే కాలం. విలాసం ఒక్కటే. సాయంత్రం కాగానే ఆడా మగా కొంగున వేయించిన శనగలు కట్టుకొని ఊరిపక్క గుట్టెక్కి, మబ్బులు చూస్తూ కూర్చునేవాళ్ళం.

"అదో, ఆ నల్లది మనదే."

"కాదప్పా. దాని నడక చూడు. బళ్ళారికి పోతాండాది."

అది నిజంగానే బళ్ళారికి పోయేది. శనగలు అయిపోయేవి. గుట్ట దిగి ఇంటికి పోయేవాళ్ళం.

నాలుగో తరగతితో నాకూ బడికీ రుణం తీరింది. ఆ తీరడంలో ఎవరు ఎక్కువ సంతోషించారో ఇప్పటికీ తేలలేదు. తరువాత మా ఊరి తాలూకా కచేరిలో బంట్రోతుగా కుదిరాను. నా పనుల్లో గొప్పది వానడబ్బా చూడడం. కచేరి ముందు బయలులో రాగిడబ్బా ఒకటి నేలలో సగం పాతి ఉండేది. పైన గరాటు, లోపల గాజుసీసా. పడిన వాన సీసాలో చేరుతుంది. రోజూ పొద్దున దాన్ని గీతలున్న కొలగాజులోకి వంచి, ఎన్ని అంగుళాలో గుమాస్తా రంగారావుగారికి చెప్పాలి. ఆయన పుస్తకంలో రాసుకుంటారు. రెండేళ్ళుగా నేను సున్న అనడం, ఆయన సున్న చుట్టడం. చుట్టి చుట్టి ఆయన సున్నలు ముత్యాల్లా తయారయ్యాయి.

ఖాళీ సీసాను రోజూ చూస్తుంటే మనిషికి ఆలోచనలు పుడతాయి. అది నేలలో ఉంది. పైన తడిగోనె కప్పితే కుండకంటే చల్లగా ఉంటుంది. మా అమ్మ ఇంటికప్పు గడ్డి పీకి బర్రెకు మేపి, ఆ పాలతో తోడేసి, చెంబెడు మజ్జిగ చేసి ఇచ్చేది. కచేరిలో పెడితే పదకొండు గంటలకే కాగేది. ఇంక మీకు చెప్పాలా? కొలిచేపని అయిపోగానే మజ్జిగ సీసాలో పోసేవాణ్ణి. మధ్యాహ్నం తాగి, కడిగి, మళ్ళీ పెట్టేవాణ్ణి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. మా ఊళ్ళో తొక్కడానికి అడుసూ లేదు, కడగడానికి నీళ్ళూ లేవు. అయినా తొక్కాను.

ఆ ఏడు పశువులు ఎముకల గూళ్ళయ్యాయి. నల్లమల నుంచి సర్కారు గడ్డి తెప్పించమని రైతులు అర్జీ పెట్టుకున్నారు. ముందు సంతకం తిమ్మప్పది. ఆయనకు ఉన్నవి రెండెద్దులు. అప్పటికే ఒకటి లేవడం మానేసింది. కరువు నిజమో కాదో తేల్చడానికి జిల్లా నుంచి ఇంగ్లీషు దొర సాయంత్రం నాలుగింటికి వస్తాడని కబురు. దొర గుర్రానికి ఆ కబురు తెలిసినట్టు లేదు, పదకొండుకే వచ్చేసింది. దిగీదిగగానే దొర తిన్నగా వానడబ్బా దగ్గరికి నడిచాడు. వెనక రంగారావుగారు, ఆయన వెనక తిమ్మప్ప, రైతులు.

"రెండేళ్ళుగా చినుకు లేదండి, దొరవారూ" అని రంగారావుగారు ముత్యాల పుస్తకం తెరిచారు.

దొర గోనె తీసి, సీసా పైకెత్తాడు. నిండుగా ఉంది.

దొర తెలుగు పరీక్ష ప్యాసైనవాడు. మాకంటే శుద్ధంగా మాట్లాడతాడు. "ఇందున్న ద్రవమేమి?" అన్నాడు.

రంగారావుగారు నా వైపు చూశారు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది. నాలుక నన్ను అడగకుండానే తిరిగింది.

"వాన, దొరా."

"ఎప్పుడు కురిసినది?"

"పొద్దున కొలిచినాక, దొరా."

"యాడరా పడింది?" అన్నాడు తిమ్మప్ప.

"ఈడనే. డబ్బా మిందనే పడింది."

దొర దుమ్ములో బూటుతో గీత గీశాడు. మోకాలెత్తు దుమ్ము లేచింది. "భూమి యేల పొడిగానున్నది?"

"మా నేల శానా దప్పిక మీద ఉండాది దొరా. పడింది పడినట్టే తాగేసె."

"ఈ వర్షము తెల్లగానున్నదే?"

"సుద్దగుట్టల మింద నుంచి వచ్చింది దొరా."

దొర కొలగాజులో పోసి చూస్తుంటే ఆకొకటి తేలింది. "ఈ పత్రము?"

"గాలివాన దొరా. చెట్లన్నీ ఊగిపోయినాయి."

"ఈ నల్లని గింజలు?"

అవి ఆవాలు. "వడగండ్లు దొరా."

దొర ముఖంలో ఇంగ్లీషూ తెలుగూ కలిసి కొట్టుకుంటున్నాయి. కళ్ళు వాన లేదంటున్నాయి. కొలగాజు ఉందంటోంది. సర్కారువాడు కదా, చివరికి కొలగాజునే నమ్మాడు. "అంగుళమున్నర. ఇంత వర్షము కురిసిన ఊరికి గడ్డి యేల?" అని కలం తీశాడు.

తిమ్మప్ప నాతో మెల్లగా అన్నాడు. "నర్సప్పా, నా ఎద్దు లేస్తాండ్లేదు రా. నీ వాన కత ఏందో నువ్వే చెప్పు."

ఎద్దుకూ ఉద్యోగానికీ మధ్య నిలబడి గుడ్లప్పగించాను. తిమ్మప్ప ఒక్క క్షణం చూసి, దొరకు దండం పెట్టి, కొలగాజులో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు.

"దొరా, మా ఊళ్ళో వాన పడదు. పడినా, ఇంగువ తాళింపు పెట్టుకొని పడదు."

రైతులు ఒక్కసారి గొల్లుమన్నారు. దొరకు అర్థం కాలేదు. "తాళింపనగానేమి?" అన్నాడు నన్నే. ఇంక దాచేదేముంది, మా అమ్మ, బర్రె, ఇంటికప్పుతో సహా అంతా కక్కేశాను.

దొర ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. అది కోపమో ఎండో నాకు తెలియలేదు. తరువాత కొలగాజు ఎత్తి, కొలతగీతలతో సహా తాగేశాడేమో అనిపించేలా ఒక్క గుక్కలో తాగాడు. సీసా కూడా ఖాళీ చేశాడు. మీసం తుడుచుకొని పుస్తకంలో తన చేత్తో రాశాడు. వాన సున్న. గడ్డి వెంటనే పంపవలెను.

పదిరోజులకు గడ్డిబండ్లు వచ్చాయి. తిమ్మప్ప ఎద్దు లేచింది. నా ఉద్యోగం పోలేదు గాని, నెలరోజులు పగలంతా ఆ డబ్బా పక్కనే ఎండలో కాపలా నిలబడాలని దొర శిక్ష వేశాడు. ఊరు గుట్టెక్కడం మానేసింది. సాయంత్రం ఎవరూ మబ్బులు చూడలేదు, శనగలు కట్టుకొని వచ్చి నన్ను చూశారు.

కాబట్టి పెద్దల సాక్షిగా, ఎండల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట సర్కారు సీసాలో మజ్జిగ పోయను. ఖర్మకాలి పోసినా, తాళింపు పెట్టను.